ఉంచమన్న ఊపిరి

మేస్త్రికి వచ్చింది క్యాన్సరా, కాదా? ఈ ఒక్క ముక్క సూటిగా చెప్పే నాథుడు చిన్నక్కకి దొరకలేదు.

దగ్గు డాక్టరు మొదట "క్యాన్సర్ లాంటిది" అన్నాడు. లాంటిదంటే ఏమిటని అడిగితే కళ్లజోడు తీసి తుడుచుకుని, "క్యాన్సరే, కానీ మీరనుకునే క్యాన్సర్ కాదు" అన్నాడు. తను ఏ క్యాన్సర్ అనుకుంటోందో ఆయనకెలా తెలిసిందో మరి. రిపోర్టులో దాని పేరు కార్సినాయిడ్ అని ఉంది. చిన్నక్క తమ్ముడు మందుల కంపెనీ తరఫున డాక్టర్ల చుట్టూ తిరిగే ఉద్యోగం చేస్తాడు కాబట్టి ఇంట్లో సగం డాక్టరు కింద లెక్క. వాడు ఫోన్లో ఏదో చాలాసేపు చదివి, తలెత్తి, "నువ్వు అదృష్టవంతురాలివే అక్కా, ఇది మంచి క్యాన్సర్" అన్నాడు. మొగుడికి క్యాన్సరొస్తే పెళ్లాం అదృష్టవంతురాలెలా అవుతుందో, క్యాన్సర్లలో మంచివీ చెడ్డవీ ఎప్పుడు పుట్టుకొచ్చాయో చిన్నక్కకి బోధపడలేదు.

నిజానికి ఆమెకి పెద్దక్క ఎవరూ లేరు. మనిషి పొట్టి కాబట్టి తమ్ముడు అలా పిలవడం మొదలుపెట్టాడు, వీధంతా అందుకుంది. యాభై దాటినా చిన్నక్కే. ఆమె మొగుణ్ణి మాత్రం అందరూ మేస్త్రి అంటారు. కాలేజీలకీ, పరీక్షల ల్యాబులకీ కావాల్సిన గాజు సామాను చేస్తాడాయన. వంపులు తిరిగిన గొట్టాలు, గొట్టంలో గొట్టం దూరిన కండెన్సర్లు, మెడ పొడుగు ఫ్లాస్కులు. ఇంటి ముందుగదే పనిగది. గదంతా వేడి, గ్యాసు మంట బుసలు, గోడవారన రకరకాల లావుల్లో నిలబెట్టిన గాజు గొట్టాలు. ఆ గదిలోకి కొత్తవాళ్లెవరైనా వస్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో దోపుకుంటారు.

మేస్త్రికి దగ్గు మొదలై చాలా కాలమైంది. పిల్లికూతల దగ్గు. ఉబ్బసం అన్నాడు దగ్గు డాక్టరు. పీల్చే మందిచ్చాడు. అది పీలిస్తే కొన్నాళ్లు తగ్గేది, మళ్లీ వచ్చేది, మందు మార్చేవాడు. అలా మందులు మారుతూనే ఉన్నాయి గానీ దగ్గు మారలేదు. ఒకరోజు తుండుగుడ్డలోకి రక్తం పడేసరికి చిన్నక్కకి పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు స్కాన్లు తీశారు, ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి చూశారు. ఎడమ ఊపిరితిత్తిలోకి గాలి వెళ్లే దారికి మొదట్లోనే ద్రాక్షపండంత గడ్డ అడ్డంగా కూర్చుని ఉంది. ఇన్నాళ్ల పిల్లికూతలూ దాని పక్కనుంచి గాలి ఇరుక్కుని పోతున్న చప్పుడట. ఉబ్బసం ఏమైందని చిన్నక్క అడిగితే, అసలు లేదన్నాడు డాక్టరు. లేని ఉబ్బసానికి అన్ని మందులు పీల్పించినందుకు ఆయన మొహంలో సిగ్గేమైనా కనిపిస్తుందేమోనని చూసింది. కనిపించలేదు.

తమ్ముడు ధైర్యం చెప్పడానికి కూర్చున్నాడు. ఈ జబ్బుకి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో వందకి తొంభైమందికి పైగా అయిదేళ్ల తర్వాత కూడా బతికే ఉన్నారని చదివి వినిపించాడు.

"అయిదేళ్ల తర్వాత?" అంది చిన్నక్క.

"తర్వాత ఏముంది, లెక్క అక్కడిదాకే ఇచ్చారు."

"ఎందుకాపేశారు? ఆ తర్వాత అందరూ పోయారా?"

తమ్ముడు లెక్కలు అలాగే వేస్తారని, అది వాళ్ల పద్ధతని, పదేళ్ల లెక్క కూడా ఎక్కడో ఉంటుందని వెతకడం మొదలుపెట్టాడు. చిన్నక్కకి ఆ తొంభైమంది మీద ధ్యాస లేదు. వందలో మిగిలినవాళ్లు ఎవరు, వాళ్లకీ ఎవరో ఒకరు మంచి క్యాన్సరనే చెప్పి ఉంటారు కదా, అని ఆలోచిస్తూ కూర్చుంది.

ఆపరేషన్ చేయబోయే సర్జనమ్మ మాత్రం అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. చెప్పినంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంది, బయటికొచ్చాకే ఏమీ మిగల్లేదు. గడ్డ ఉన్న చోట గాలి గొట్టాన్ని ఉంగరంలా కోసి తీసేసి, పై కొసనీ కింది కొసనీ కలిపి కుట్టేయడం ఒక దారి. అప్పుడు ఊపిరితిత్తి చెక్కుచెదరకుండా ఉంటుంది. ఎడమవైపు మొత్తం తీసేయడం రెండో దారి. ఏ దారో మనిషిని బల్ల మీద పడుకోబెట్టి తెరిచాకే తేలుతుంది. కోసిన అంచుల్ని అప్పటికప్పుడే పరీక్షకి పంపుతారు. అంచుల్లో గడ్డ తాలూకు కణాలు లేకపోతే కలుపుతారు. ఉంటే ఇంకొంచెం కోస్తారు. కలపడానికి చోటు మిగలకపోతే తీసేయడమే.

"మీకేం కావాలో కూడా నాకు తెలియాలి" అంది సర్జనమ్మ మేస్త్రితో.

మేస్త్రి మామూలుగా నాలుగు మాటలడిగితే ఒక మాట చెప్పే మనిషి. అలాంటిది ఆరోజు వెంటనే అందుకున్నాడు.

"ఊపిరి ఉంచండి డాక్టరమ్మా. నాది ఊదే పని. ఊదకపోతే నేను లేను."

పక్కనే కూర్చున్న చిన్నక్క కొంగు అంచు పట్టుకుని నేలకేసి చూసింది. ఎందుకంటే మేస్త్రి ఊది రెండేళ్లయింది.

గాజుపనిలో రెండు చేతులూ మంట దగ్గరే ఉండాలి. గొట్టం మెత్తబడి వేలాడకుండా తిప్పుతూనే ఉండాలి. ఇక ఊదడానికి గాజు కొసకి తగిలించిన సన్నటి రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకుంటారు. దగ్గు ముదిరాక మేస్త్రికి సరిగ్గా గాజు మెత్తబడిన క్షణంలోనే దగ్గు తెర వచ్చేది, ఉన్న పని కాస్తా బుగ్గిపాలయ్యేది. ఒకరోజు మూడు ఫ్లాస్కులు వరసగా పోయాక, అప్పటిదాకా సామాను సర్ది పెట్టెల్లో పెట్టడమే పనిగా ఉన్న చిన్నక్క మారుమాట లేకుండా వచ్చి ఆ రబ్బరు గొట్టం తన నోట్లో పెట్టుకుంది. మేస్త్రి కనుబొమ్మ పైకి లేపితే ఊదాలి, దించితే ఆపాలి. గాజు మెత్తగా ఉన్నప్పుడు ఆ గదిలో ఎవరూ మాట్లాడకూడదన్నది పెళ్లయిన కొత్తనుంచీ ఆయన పెట్టిన కట్టుబాటు. ఆ కట్టుబాటు మెల్లగా ఇల్లంతా పాకింది. అన్నం వడ్డించమనడానికీ కనుబొమ్మే, తలుపేసుకోమనడానికీ కనుబొమ్మే. అందువల్ల ఊదే పని ఒకరి నోటినుంచి ఇంకొకరి నోటికి మారిందన్న సంగతి ఆ మొగుడూ పెళ్లాలు ఏనాడూ నోరు తెరిచి మాట్లాడుకోలేదు. కొనేవాళ్లకి అసలే తెలియదు. మేస్త్రి చేతి పని అనే పట్టుకుపోయేవాళ్లు.

మరి ఆయన డాక్టరు దగ్గర అబద్ధం ఎందుకాడాడు? పరువా? లేక ఇప్పటికీ తనే ఊదుతున్నాననుకుంటున్నాడా? చిన్నక్క మందుల చీటీ తీసుకోవడానికి బయటికొచ్చినా ఆయన ఇంకేదో అడగాలంటూ లోపలే ఆగిపోయాడు. వరండాలో నిలబడి ఆమె మథనపడింది. లేని పని కోసం ఊపిరి ఉంచమంటున్నాడు. ఆ సర్జనమ్మ పాపం అది నమ్మి, తీసేయాల్సిన చోట తీయకుండా తంటాలు పడితే? లోపలికెళ్లి నిజం చెప్పేస్తే మొగుడి తల నలుగురిలో దించినట్టు. చెప్పకపోతే ప్రాణం మీదికి రావచ్చు. ఎటూ పాలుపోలేదు.

ఇంటికొచ్చాక, పనిగదిలో మంట ఆర్పి సామాను తుడుస్తున్న మొగుణ్ణి అడిగి తేల్చుకోవాలనుకుంది. "ఊపిరి సంగతి డాక్టరమ్మకి అలా చెప్పారేమిటి?" అంది. మేస్త్రి కనుబొమ్మ దించాడు. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ ఆమె నోరు మూతపడింది. తర్వాత తన మీద తనకే ఒళ్లు మండింది గానీ అప్పటికి ఆయన స్నానానికి వెళ్లిపోయాడు.

ఇంకో సంగతి కూడా ఆమెని కుదురుగా ఉండనివ్వలేదు. దాన్ని ఎవరితోనూ అనలేదు, తనతో తను కూడా సగమే అనుకుంది. ఊదడం అంటే బలం కాదు, కొలత. ఎంత గాలి పోవాలో, ఎక్కడ ఆగాలో పెదవులకే తెలుస్తుంది. నోట్లోంచి పోయిన గాలి కళ్లముందే బుడగై, గుండ్రమై, గట్టిపడి, ఎవరిదో ల్యాబులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. బతుకంతా వండింది సాయంత్రానికి ఖాళీ అయిపోవడం, ఉతికింది మర్నాటికి మాసిపోవడం చూసిన మనిషికి ఇది ఎంత పెద్ద సంగతో చెప్పనలవి కాదు. మేస్త్రి ఊపిరి తిరిగొస్తే తను మళ్లీ పెట్టెలు సర్దుకోవాలి. ఆయన ఎడమ ఊపిరితిత్తి తీసేస్తేనో? ఆలోచన అక్కడిదాకా వచ్చేసరికి చిన్నక్క లేచి వెళ్లి మొహం కడుక్కునేది.

ఆపరేషన్ రోజు తమ్ముడు కాలుగాలిన పిల్లిలా హాల్లో అటూ ఇటూ తిరిగి, కాఫీ తెస్తానని కిందికెళ్లాడు. సరిగ్గా అప్పుడే నర్సు వచ్చి చిన్నక్కని పక్కగదిలోకి పిలిచింది. రెండు కుర్చీలూ ఒక చేతులు కడుక్కునే తొట్టీ ఉన్న చిన్న గది. సర్జనమ్మ తలకి టోపీతో, మెడలోకి జారిన ముసుగుతో నిలబడి ఉంది. ఆపరేషన్ మధ్యలో డాక్టరు బయటికి రావడమేమిటో, లోపల ఆయన దగ్గర ఎవరున్నారో చిన్నక్కకి అర్థం కాలేదు.

గడ్డ మొత్తం వచ్చేసిందని సర్జనమ్మ చెప్పింది. కింది అంచు శుభ్రంగా ఉంది. పై అంచులో అనుమానం ఉందని పరీక్షవాళ్లు అంటే ఇంకో ముక్క కోసి పంపారు, అదీ శుభ్రంగానే వచ్చింది. అయితే ఇప్పుడు రెండు కొసల మధ్య ఎడం పెరిగింది. కలపొచ్చు, కానీ బిగువుగా ఉంటుంది. బిగువైన కుట్టు మానకపోతే గాలి కారుతుంది, మళ్లీ తెరవాల్సి రావచ్చు. అంత భయమెందుకనుకుంటే ఎడమవైపు తీసేయొచ్చు. దాని భయాలు దానికున్నాయి, పైగా మనిషి ఇక సగం ఊపిరితోనే నెట్టుకురావాలి.

"ఏది చేస్తే ఎక్కువ కాలం బతుకుతారు?" అంది చిన్నక్క.

"ఈ రకం గడ్డకి ఎక్కువ కోస్తే ఎక్కువ బతుకుతారన్న రుజువేమీ లేదు. అంచులు శుభ్రంగా ఉన్నాయి, రెండు దారుల్లోనూ గడ్డ పోయినట్టే. నాకైతే కలిపి చూద్దామనే ఉంది. ఆయనా అదే అన్నారు. కానీ ఆ కుట్టుతో తర్వాత ఇబ్బంది వస్తే పడేది మీరిద్దరూ. అందుకే మీతో ఒక మాట చెప్పి చేద్దామని వచ్చాను."

చిన్నక్కకి ఇంకా దాచితే తప్పనిపించింది.

"ఆయన మీతో నిజం చెప్పలేదమ్మా. పని కోసం ఆయనకి ఊపిరి అక్కర్లేదు. రెండేళ్లుగా ఊదేది నేను."

"తెలుసు" అంది సర్జనమ్మ.

చిన్నక్క తలెత్తింది.

"మీరు బయటికెళ్లాక చెప్పారు. తన బదులు మీరు ఊదుతున్నారని, ఊదిన ప్రతిసారీ బయటికెళ్లి గుమ్మం పట్టుకుని ఆయాసపడుతూ నిలబడతారని. చూడలేకపోతున్నాను, నా ఊపిరి నాకుంటే తనకా బాధ తప్పుతుంది అన్నారు. మీ ముందు చెబితే మీరు ఒప్పుకోరట."

చిన్నక్క కుర్చీలో కూలబడింది. అది బాధా? ఒక మంచి బుడగ కుదిరినప్పుడల్లా గుండె కొట్టుకునే వేగానికి ఆ గదిలో నిలబడలేక, మొగుడు చూస్తుండగా గెంతలేక, గుమ్మం దాకా వెళ్లి నవ్వు మింగేది. మేస్త్రి వెనకనుంచి ఆ భుజాలు ఎగసిపడడం చూసి ఆయాసమనుకున్నాడు. చూసినవాడు అడగొచ్చు కదా? అడగడు. ఆయన అడగనిది తను చెప్పదు. రెండేళ్లు ఒక గొట్టానికి అటో కొస ఇటో కొస పట్టుకుని కూర్చుని, ఒకళ్ల సంగతి ఒకళ్లకి అణువంతైనా తెలియకుండా బతికారు.

అంతలోనే ఇంకా పెద్ద భయం పట్టుకుంది. ఇప్పుడు తను తీసేయమంటే, ఆ మాట ఆయన ప్రాణం కోసం అంటున్నట్టా, రబ్బరు గొట్టం కోసం అంటున్నట్టా? ఎంత తవ్వి చూసుకున్నా తేలడం లేదు. రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి.

"నన్నడక్కండమ్మా" అంది. "నా మాట మీద నాకే నమ్మకం లేదు."

సర్జనమ్మకి ఏం అర్థమైందో గానీ విసుక్కోలేదు. గోడ గడియారం వైపు చూసి, ఎదురు కుర్చీ అంచున కూర్చుంది.

"పోనీ, మీ మాట వద్దు. ఆయనే ఇక్కడుంటే ఏమంటారు?"

"ఉంచమంటారు."

"మరి?"

చిన్నక్క కళ్లు తుడుచుకుంది.

"ఉంచండి."

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పమంటే ఆమె ఒక సీసా గురించి చెబుతుంది. మేస్త్రి పక్కటెముకల మధ్యనుంచి వచ్చిన గొట్టం మంచం కింద నీళ్ల సీసాలో మునిగి ఉంది. ఊపిరితిత్తి దగ్గర గాలి కారుతుంటే ఆ నీళ్లలో బుడగలొస్తాయి. గాజు అతుకు కుదిరిందో లేదో నీళ్లలో ముంచి చూడడం ఆమెకి కొత్త కాదు, కానీ అతుకు చెడిపోతే అవతల పారేసి ఇంకోటి చేసుకునేవాళ్లు. ఆయన దగ్గినప్పుడల్లా నీళ్లు బుడబుడమనేవి. అలా అనాలా, అనకూడదా? ఒక నర్సు ఇది మామూలే అనేది, ఇంకో నర్సు పెదవి విరిచి రాసుకుపోయేది. ఉంచమన్నది తనే. మళ్లీ కోయాల్సివస్తే ఆ పాపం తనదే. చిన్నక్క మొగుడి మొహం కన్నా సీసా మొహమే ఎక్కువ చూసింది. ఒక ఉదయం ఆయన దగ్గాడు, నీళ్లు కదిలాయి గానీ బుడగ రాలేదు. ఇంకోసారి దగ్గమంది. దగ్గాడు. రాలేదు. మళ్లీ దగ్గమంటే ఆయన కనుబొమ్మ దించాడు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

ఆపరేషన్ గాయం మానాక పూర్తి రిపోర్టుతో రమ్మన్నారు. తమ్ముడు వెంట వస్తానన్నా చిన్నక్క వద్దంది. ఆ మంచి క్యాన్సర్ గురించి ఇంకోసారి వినే ఓపిక లేదు. సర్జనమ్మ రిపోర్టు చదివి చెప్పింది. అది క్యాన్సరే. అయితే మెల్లగా పెరిగే రకంలోనూ మెల్లనిది. పక్కనున్న గ్రంథుల్లోకి పాకలేదు, అంచులన్నీ శుభ్రం. ఇలాంటివాళ్లలో చాలామంది పదేళ్ల తర్వాత కూడా హాయిగానే ఉంటారు. అలాగని వదిలేయడానికి లేదు, ఇది ఎన్నో ఏళ్లకి తిరిగొచ్చిన సందర్భాలూ ఉన్నాయి, కాబట్టి ఏటేటా వచ్చి స్కాన్ తీయించుకోవాలి.

అంటే నయమైనట్టా, కానట్టా అని చిన్నక్క అడగబోయి మానేసింది. ఆ ప్రశ్నకి ఎవరి దగ్గరైనా జవాబుంటే ఈపాటికి చెప్పేవాళ్లే.

"మరి ఊదొచ్చా?" అన్నాడు మేస్త్రి.

కుట్టు బాగా మానిందని, మరి కొన్ని నెలలు ఓపిక పడితే నిక్షేపంగా ఊదొచ్చని సర్జనమ్మ చెప్పింది. మేస్త్రి మొహం వెలిగిపోయింది. జీవితంలో ఇంత మంచి మాట విన్న రోజు ఇంకోటి లేదు, అయినా చిన్నక్క గుండె జారిపోయింది. అలా జారినందుకు సిగ్గుతో చచ్చిపోయింది.

బయట వరండాలో బల్ల మీద కూర్చున్నారు. మేస్త్రి తాపీగా ఊపిరి పీల్చి వదిలి, పిల్లికూత లేని ఆ చప్పుడు విని, మళ్లీ పీల్చాడు.

"ఇక నీకా గొట్టం బెడద తప్పింది" అన్నాడు.

ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని చిన్నక్కకి తెలుసు. మొగుడి మొహం చూస్తే ఎక్కడ కనుబొమ్మ దించుతాడోనని ఎదురుగోడ మీది సున్నాన్ని చూస్తూ చెప్పింది.

"అది బెడద కాదండీ. గుమ్మం దగ్గర నేను ఆయాసపడలేదు. సంతోషం పట్టలేకపోయాను. ఊదడం నాకిష్టం. ఆ గొట్టం మీకు తిరిగివ్వాలని లేదు నాకు. మీరు ఆపరేషన్ బల్ల మీద ఉన్నప్పుడు కూడా లేదు."

ఓరగా చూస్తే ఆయన కనుబొమ్మలు రెండూ ఎటు పోవాలో తెలియనట్టు నుదుటి మధ్య ఆగిపోయి ఉన్నాయి. కోపమో, నవ్వో, అవమానమో ఆమెకి అంతుపట్టలేదు. బహుశా ఆయనకీ పట్టలేదు.

"నీకోసమని కదే ఉంచమంది" అన్నాడు చివరికి. "మరి ఇంత ఊపిరీ పెట్టుకుని నేనేం చెయ్యను?"

"బతకండి" అంది చిన్నక్క.

మేస్త్రి ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నవాడిలా ఆమెకేసి చూస్తూ ఉండిపోయాడు.